ఇంటికి వచ్చిన కుందేటిపిల్ల: దాని రోగములు, గాయములు

ఆవును, కుక్కను, చిలుకను పెంచుట మన యిండ్లలో తరతరములనుండి వచ్చుచున్న వాడుక. ఆవు నెమరు మానినయెడల ఇంటిపెద్దలకు వెంటనే తెలియును. కుక్క అన్నము ముట్టకున్నచో పిల్లలకు సైతము తెలియును. కుందేలు మాత్రము మన లోగిళ్లకు క్రొత్త చుట్టము. దాని మర్యాదలు మన కింకను పట్టువడలేదు.

సబ్బవరము 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీ మొదలు అనకాపల్లి జిల్లాలో చేరినను, ఈ ప్రాంతపు గృహస్థులు పెద్ద బేరములకు విశాఖపట్టణమునకే పోవుచుందురు. బట్టలకో, వైద్యమునకో అచ్చటికి పోయినవారు పిల్లల మారామును త్రోసివేయజాలక, తిరుగుదారిలో ఒక తెల్లని కుందేటిపిల్లను అట్టపెట్టెలో పెట్టుకొని వచ్చుట యిప్పుడు వింత కాదు. తరువాతి కథ పెక్కు గృహములలో ఒక్క తీరుననే నడచును. మొదటినాడు వీధిలోని పిల్లలందఱు చుట్టును మూగి, ఒకరు క్యారెట్టు, ఒకరు బిస్కత్తు, ఒకరు అన్నము పెట్టుదురు. రెండవనాడు అది మూల నొదిగి కూర్చుండును. "క్రొత్త కదా, బెదురు తీరలేదు" అని పెద్దలనుకొందురు. మూడవనాటి వేకువను అది కదలదు. పసివాండ్రు వెక్కివెక్కి యేడ్చుచు, "నిన్నటివఱకు బాగుగనే యుండెను కదా అమ్మా!" అని యడుగుదురు.

బాగుగ నుండలేదు. అది తన బాధను తన రీతిని తెలుపుచునే యుండెను. ఆ భాష తెలిసినవారు ఇంట లేకపోయిరి. ఆ భాషను గృహిణులకు పరిచయము చేయుటయే యీ వ్యాసమున కుద్దేశము. ఇందు చెప్పబోవున దంతయు ఒక్క మాటలో నిమిడియున్నది: కుందేటికి ఆకలియే నాడి, పెంటికయే సాక్షి. ఈ రెంటిని ప్రతిదినము కనిపెట్టు నిల్లాలు సగము వైద్యురాలు.

బాధను దాచుకొను జీవి

పంచతంత్రములో కుందేలు సింహమును నూతిలో పడద్రోయించిన కథను మన పిల్లలందఱు ఎఱుగుదురు. కాని నిజమైన కుందేటికి బుద్ధిబలముకంటె భయమే పెద్ద యాయుధము. నక్కకు, గ్రద్దకు, కుక్కకు అది ఆహారము. మందలో కుంటుచున్న జంతువుపైననే మృగము కన్ను మొదట పడును. అందువలన నొప్పి కలిగినను మూలుగకుండుట, నీరసము వచ్చినను నిటారుగ కూర్చుండుట దానికి పుట్టుకతో వచ్చిన గుణము. మన యింట మృగము లేదను సంగతి దానికి తెలియదు. కుందేలు పైకి రోగిగా కనబడునప్పటికి రోగము ముదిరియుండుట కిదియే కారణము.

ఇచ్చట మఱియొక సంగతి చెప్పవలసియున్నది. మన కొండవాలు తుప్పలలో తిరుగు చెవులపిల్లి వేఱు, అంగడిలో దొరకు పెంపుడు కుందేలు వేఱు. పెంపుడు కుందేలు ఐరోపాఖండపు నైరృతి భాగమున బొరియలలో నివసించు జాతినుండి వచ్చినది. దాని పిల్లలు బొచ్చు లేక, కన్నులు తెఱవక పుట్టును. చెవులపిల్లి పిల్లలు బొచ్చుతోడను, తెఱచిన కన్నులతోడను పుట్టును. పొలములో దొరకినదని చెవులపిల్లి పిల్లను ఇంటికి తెచ్చుకొనరాదు. అది పెంపకమునకు లొంగక బెదురుతోనే చచ్చును. అంతేకాక 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని పట్టుట నేరము.

కొనునప్పుడే సగము వైద్యము

క్రొత్తగా వచ్చిన కుందేటికి మొదటివారములోనే జబ్బుచేయుటకు కారణము తఱచుగ మన యింట లేదు. అది అంగడినుండియే వెంట వచ్చును. తల్లిపాలు సరిగ మానకముందే, నాలుగువారములైన నిండని పిల్లలను వేఱుచేసి, "ఇది మరుగుజ్జు జాతి, ఇంతకంటె పెరుగదు" అని చెప్పి అమ్మువారు కలరు. పిల్లకు ఎనిమిదివారములు నిండినపిదప కొనుట మేలు. అప్పటికి దాని ప్రేవులు గడ్డిని అఱిగించుకొన నేర్చియుండును.

కొనుటకు ముందు ఈ క్రింది సంగతులు చూడవలెను. కన్నులు తేటగ నుండవలెను. పుసి, నీరు కారరాదు. ముక్కు పొడిగ నుండవలెను. ముందుకాళ్ల లోపలివైపు బొచ్చు అట్టకట్టి యున్నయెడల, అది చీమిడిని కాళ్లతో తుడుచుకొనుచున్న దని యర్థము. అట్టి పిల్లను విడువవలెను. చెవుల లోపల గోధుమరంగు పొలుసులుండరాదు. తోక క్రింద మలము అంటుకొని యుండరాదు. వెన్నెముకను వ్రేళ్లతో తడవినపుడు ఎముకలు రంపపు పండ్లవలె తగులరాదు. పెంపుడు జంతువుల అంగళ్లకు 2018వ సంవత్సరపు నిబంధనల ప్రకారము ప్రభుత్వ నమోదు ఉండవలెను గావున, నమోదుపత్రమును చూపుమని యడుగుటకు సంకోచింపనక్కఱలేదు.

మొదటి మూడు దినములు ఇల్లు నిశ్శబ్దముగ నుండవలెను. దానికి నీడగల మూల, దాగుకొనుటకు ఒక అట్టపెట్టె, నీరు, గడ్డి యిచ్చి విడువవలెను. అమ్మువాడు ఇంతవఱకు ఏమి పెట్టుచుండెనో కనుగొని, ఆ యాహారమునే ఒక వారము పెట్టుచు, మన మేపును కొంచెము కొంచెముగ కలుపవలెను. ఒక్కసారిగ మార్చినచో ప్రేవులలోని మేలుచేయు సూక్ష్మజీవులు చెడి విరేచనములు పట్టును. ఇంట ఇదివఱకే కుందేళ్లున్నయెడల క్రొత్తదానిని రెండువారములు వేఱు గదిలో నుంచి, పాతవానికి మేపువేసిన పిదపనే దీనిని ముట్టవలెను.

మేపులో పెద్దభాగము గడ్డియే కావలెను. మన గరిక దానికి అమృతము. పురుగుమందు చల్లని చోట కోసి, కడిగి, నీరోడ్చి పెట్టవలెను. ఎండబెట్టి నిలువచేసినది యింకను మంచిది. కొత్తిమీర, పుదీన, ముల్లంగి ఆకు పిడికెడు పెట్టవచ్చును. క్యారెట్టు బొమ్మలలో కనబడునంత మంచిది కాదు. అది తీపిపదార్థము గనుక చిన్న ముక్క చాలును. అన్నము, రొట్టె, బిస్కత్తు, పాలు పనికిరావు. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదపు ఆకు విషములు. దొడ్డిలో విడుచునప్పుడు ఇవి లేకుండ చూడవలెను.

పెంటికలే సాక్షి

ఆరోగ్యముగల కుందేలు దినమంతయు నమలుచునే యుండును. దినమునకు నూటికి పైగా గుండ్రని, పొడి పెంటికలు వేయును. ఉదయమున గూడు ఊడ్చునప్పుడు చీపురు క్రింద పడు పెంటికలను ఒక్క క్షణము పరికించుడు. అవి పెద్దవిగ, ఒక్క పరిమాణమున నున్నచో కడుపు బాగున్నది. చిన్నవై, గట్టివై, వంకరలు తిరిగియున్నచో ప్రేవులు మందగించుచున్నవి. అసలే లేనిచో అది అపాయము.

ఇందులో ఒక భ్రమకు తావు కలదు. అప్పుడప్పుడు ద్రాక్షగుత్తివలె మెత్తగ, మెఱయుచున్న పెంటికలు కనబడును. కుందేలు వీనిని ఆసనమునుండియే నోటితో తీసికొని మ్రింగును. చూచినవారికి రోతగ నుండవచ్చును గాని, యిది రోగము కాదు. గడ్డిలోని సారమును రెండవమాఱు గ్రహించుటకు ప్రకృతి చేసిన యేర్పాటిది. ఆవు నెమరువేయుటతో దీనిని పోల్చుకొనవచ్చును.

కుందేటి ప్రేవులు ఎల్లప్పుడు కదలుచునే యుండవలెను. మేత మానినచో ప్రేవులు నిలిచిపోవును, వాయువు పుట్టును, నొప్పిచే అది మఱింత మేత మానును. ఈ సుడిలో పడిన జీవి ఒకటి రెండు దినములలో చనిపోవచ్చును. కుందేలు వాంతి చేసికొనజాలదు గనుక లోపలి చెడుగు పైకి వచ్చు మార్గమును లేదు. అందుచేత ఈ యొక్క నియమమును గోడమీద వ్రాసి పెట్టుకొనదగును: పండ్రెండు గంటలు మేత ముట్టని కుందేటిని తెల్లవాఱువఱకు చూతమని నిలిపియుంచరాదు. పసిపిల్ల విషయములో అంతసేపు కూడ ఆగరాదు.

వీపు గూనిచేసి ముడుచుకొని కూర్చుండుట, కన్నులు సగము మూయుట, పండ్లు గట్టిగ కొఱుకుట, పొట్టను నేలకు ఒత్తుట, ఇష్టమైన కొత్తిమీరను వాసన చూచి మొగము త్రిప్పుకొనుట, ఇవి నొప్పికి గుర్తులు. వైద్యుని చేరులోపల దానిని నిశ్శబ్దముగ నుంచి, ఒడలు చల్లబడినచో మెత్తని గుడ్డ చుట్టి, నీరు, పచ్చగరిక ముందుంచవలెను. పొట్ట డప్పువలె బిగిసియున్నపుడు గొట్టముతో నోట నేదియు పోయరాదు. పొట్ట మెత్తగ నున్నపుడు సైతము బలవంతపు మేపు వైద్యుడు చెప్పిన పిదపనే.

మఱియొక చిన్న పని మఱువరాదు. వంటింటి త్రాసులో వారమున కొకసారి దానిని తూచి, క్యాలెండరుమీద వ్రాయుచుండవలెను. పెరుగవలసిన పిల్ల బరువు తగ్గిన దనగా, కంటికి కనబడని రోగము త్రాసుకు కనబడిన దన్నమాట.

తఱచు వచ్చు రోగములు

విరేచనములు: ఒకటి మొదలు నాలుగు నెలల ప్రాయముగల పిల్లలకు ప్రేవులలో కాక్సిడియా యను సూక్ష్మజీవులు చేరును. పొట్ట ఉబ్బి, వీపు ఎండి, నీళ్లవలె విరేచనములగును. మలముతో తడిసిన నేలనుండి యిది వ్యాపించును గావున గూటిని ప్రతిదినము ఊడ్చి, ఆఱనిచ్చుటయే దీనికి మొదటి మందు. దీనికి తగిన ఔషధములు కలవు. మోతాదు వైద్యుడు బరువునుబట్టి నిర్ణయింపవలెను. పిల్లకు నీళ్లవలె విరేచనమైనపుడు ఒక్కపూట జాగు చేసినను బ్రదుకుట కష్టము.

జలుబు: తుమ్ములు, తెల్లని చీమిడి, అట్టకట్టిన ముందుకాళ్లు దీని గుర్తులు. దీనికి పాశ్చురెల్లా యను సూక్ష్మజీవి ముఖ్యకారణము. మూత్రపు ఘాటు ముక్కును పొడిచి రోగమును పెంచును గనుక గాలిలేని గదిలో గూడుంచరాదు. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీయును. నోరు తెఱచి రొప్పుచున్నయెడల ప్రాణాపాయము దాపురించిన దని గ్రహింపవలెను.

చెవిగజ్జి: చెవులలో పొరలు పొరలుగ పొలుసులు కట్టి, తల విదిలించుచు, కాలితో గోకుకొనుచుండును. ఈ పొలుసులను గోటితో పెఱుకరాదు, క్రింద పచ్చిపుండుండును. మందు పడినచో పొలుసులు తమంతట తామే రాలిపోవును. తల ఒకప్రక్కకు వంగిపోవుట వేఱు. అది లోచెవికో, మెదడుకో సంబంధించిన జబ్బు గనుక ఆనాడే చూపింపవలెను.

చర్మరోగములు: ముక్కుమీదను, వ్రేళ్లమీదను బూడిదరంగు పొక్కులు కట్టుట గజ్జి, గుండ్రముగ బొచ్చు రాలుట తామర. ఈ రెండును పిల్లల చేతులకు అంటగలవు. నయమగువఱకు ముద్దుచేయుట మాన్పవలెను.

పండ్లు పెరుగుట: కుందేటి పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. గడ్డి నమలుటచేతనే అవి అఱుగును. మెత్తని గింజల మేపుమీద పెరిగినదానికి పండ్లు మీఱి, బుగ్గలోనికో నాలుకలోనికో దిగును. చొంగ కారుట, మేతకు వచ్చి నోట పెట్టుకొని విడిచివేయుట దీని లక్షణములు. కత్తెరతో పండ్లు కత్తిరించు వాడుక కలదు. పన్ను నిలువున చీలిపోవును గనుక అట్లు చేయరాదు.

మడమపుండ్లు: ఇనుపతీగల నేలగల గూటిలో వెనుకకాళ్ల అడుగున బొచ్చు పోయి పుండ్లు పడును. తీగలపై ఒక చెక్కపలక వేసి, ఎండుగడ్డి మందముగ పఱచినచో ఈ బాధ తప్పును.

మూత్రము తెల్లగ మడ్డివలె నుండుట స్వభావమే. తిన్న ఆకునుబట్టి ఒకప్పుడు ఎఱ్ఱగ నుండుటయు కలదు. కాని నెత్తుటి చారలు వేఱుగ కనబడినను, ముక్కుచు బొట్లుబొట్లుగ విడిచినను చూపింపవలెను.

ఎండదెబ్బ

సముద్రతీరపు వేసవి కుందేటికి గడ్డుకాలము. దానికి మనవలె చెమట పట్టదు. వెడల్పైన చెవులే దాని విసనకఱ్ఱలు. వేడి 30 డిగ్రీల సెంటీగ్రేడు దాటినపుడు దానికి బాధ మొదలగును. గాలిలో తేమ యెక్కువగు మన ప్రాంతమున ఆ బాధ మిక్కిలి. రేకుల కప్పు క్రింద, మేడమీద, మూసిన కారులో దాని నుంచరాదు. నల్లరాతి పలకయో, తడిగుడ్డ చుట్టిన మంచునీటి సీసాయో గూటిలో పెట్టి, గూటిమీద తడిపిన గోనెపట్టా వేసి, గాలి ఆడునట్లు చూడవలెను. త్రాగునీరు రెండుపూటల మార్చవలెను.

చెవులు ఎఱ్ఱబడి కాలుచుండగా, చప్పగ సాగిలబడి రొప్పుచున్నచో అది ఎండదెబ్బ. చల్లని నీడకు తెచ్చి, చెవులను మామూలు నీటితో తడిపి, విసరుచు వైద్యుని యొద్దకు కొనిపోవలెను. మంచునీటిలో ముంచరాదు, ఆ యదటుకే ప్రాణము పోవచ్చును. వేడి లేని దినములలో సైతము కుందేటికి స్నానము చేయింపరాదు. తన యొడలిని అదియే నాకి శుభ్రము చేసికొనును.

గాయములు

కుందేటి గాయములలో పెక్కు మన చేతులవలననే కలుగును. దాని కండలు బలమైనవి, ఎముకలు పెళుసైనవి. చెవులు పట్టి యెత్తినపుడో, పసివాని చేతినుండి జాఱినపుడో అది వెనుకకాళ్లతో ఒక్క తన్ను తన్ను నెడల తన బలమునకు తన నడుమే విఱుగును. ఒక చేయి ఱొమ్ముక్రింద, ఒక చేయి పిఱుదులక్రింద నుంచి, ఒడలికి హత్తుకొని యెత్తవలెను. చిన్నపిల్లలు నేలమీద కూర్చుండియే దానిని నిమురవలెను గాని యెత్తరాదు. ఈ యొక్క కట్టుబాటు ఎన్నో ప్రాణములను నిలుపును.

వెనుకకాళ్లు ఈడ్చుచున్నయెడల నడుము దెబ్బతిన్నదని యెంచి, పలకమీద పరుండబెట్టి, తువ్వాలు చుట్టి, కదలకుండ కొనిపోవలెను. విఱిగిన కాలికి ఇంట బద్దలు కట్టు ప్రయత్నము చేయరాదు.

గోరు చీలి నెత్తురు వచ్చినపుడు శుభ్రమైన గుడ్డతో అయిదు నిమిషములు వదలక ఒత్తి పట్టవలెను. పొడి మైదాపిండి అద్దినను నిలుచును. పైపై గీతలను కాచి చల్లార్చిన ఉప్పునీటితో కడుగవలెను. అరలీటరు నీటికి చిన్నచెంచాడు ఉప్పు చాలును. కాటుక, సున్నము, కాఫీపొడి గాయమున కద్దరాదు. అది నాకి మ్రింగునని మఱువరాదు.

పిల్లియో కుక్కయో కఱచినచో, గాయము సూదిమొనయంత యున్నను ఆనాడే చూపింపవలెను. పైన మూసికొని లోపల చీముపట్టుట పిల్లికాటు స్వభావము. గాయము కనబడకున్నను బెదురువలననే కుందేలు మేత మానవచ్చును గనుక ఆ రాత్రియంతయు కనిపెట్టియుండవలెను.

వానకాలమున మఱియొక కీడు కలదు. తోకక్రింద తడి, మలము ఉన్నచోట ఈగలు గ్రుడ్లు పెట్టి, ఒక్క దినములో పురుగులు పడును. పశువుల పుండ్లకు వాడు కర్పూరతైలము, కిరసనాయిలు కుందేటికి పోయరాదు; దాని పలుచని చర్మము కాలిపోవును. కనబడిన పురుగులను చిమటాతో తీసివేయుచు వెంటనే వైద్యుని చేరవలెను. వానదినములలో పూటపూట తోకక్రింద చూచుటచే ఈ యాపద రాకుండగనే పోవును.

ఇంటి మందుల పెట్టె

ఇల్లాండ్రకు ముఖ్యముగ చెప్పవలసిన హెచ్చరిక యొకటి కలదు. పిల్లల జ్వరమునకు తెచ్చిన మందులో మిగిలినది కుందేటికి పోయుట ప్రమాదము. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ వంటి మందులు మన పిల్లలకు మేలుచేయును. అవియే కుందేటి నోట పడినచో దాని ప్రేవులలోని మంచి సూక్ష్మజీవులను చంపి, విషజీవులకు చోటిచ్చి, కొలది దినములలో ప్రాణము తీయగలవు. కుక్కల గోమార్లకు వీపున వేయు ఫిప్రోనిల్ మందును కుందేటికి తగదు. మందుల షాపువాని సలహా ఇచ్చట చాలదు.

ఇంట నుంచుకొనదగినవి యివి: శుభ్రమైన దూది, మెత్తని గుడ్డలు, చిమటా, సూదిలేని సిరంజి, త్రాసు, గట్టి మూతయు గాలిరంధ్రములును గల బుట్ట, వైద్యుని ఫోను నంబరు. ఈ నంబరును కుందేలు రోగపడిన రాత్రి వెదకుట కాదు, దానిని తెచ్చిన దినముననే సంపాదింపవలెను.

వైద్యుని యొద్ద

మన మండలకేంద్రములందలి పశువైద్యశాలలకు వచ్చునవి తఱచుగ ఆవులు, గేదెలు, మేకలు. కావున ముందే ఫోనుచేసి, "కుందేటిని చూతురా?" యని యడుగుట మేలు. విశాఖపట్టణమున పెంపుడు జంతువుల వైద్యులు కలరు. 1962 అను నంబరునకు ఫోను చేసినచో ప్రభుత్వ సంచార పశువైద్య సేవవారు పలుకుదురు. ఆ బండ్లు ముఖ్యముగ పాడిపశువులకై యేర్పడినవైనను, ఎచ్చటికి పోవలెనో యడుగవచ్చును. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందిన కళాశాల యొకటి మన పొరుగుననే, విజయనగరము జిల్లా గరివిడియందు కలదు.

పోవునప్పుడు ఒక చీటిపై నాలుగు సంగతులు వ్రాసికొనిపోవలెను: ఎప్పుడు కడపటిసారి తినినది, ఎప్పుడు పెంటిక వేసినది, ఏమి మేపు పెట్టితిమి, బరువెంత. ఆనాటి పెంటికలను కాగితములో చుట్టి తీసికొనిపోయిన యెడల ఇంకను మంచిది. త్రోవలో ఎండ తగులకుండ, బుట్టలో ఎండుగడ్డి పఱచి తీసికొనిపోవలెను.

"వంద రూపాయల జంతువునకు వేయి రూపాయల వైద్యమా?" అని యడుగువారు ప్రతియింట నుందురు. మనము దానిని కొనినప్పుడు దాని వెల నిచ్చితిమి. ఇంటికి తెచ్చినప్పుడు దాని బాధ్యతను తీసికొంటిమి. ఈ బాధ్యత మన దేశమున చట్టమైనది ఒక స్త్రీ పట్టుదలవలన నని మనము గర్వింపవచ్చును. కళాక్షేత్రమును స్థాపించిన శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభలో ప్రవేశించి, మూగజీవుల హింసను మాన్పుటకై బిల్లును ప్రతిపాదించిరి. ఆ కృషి ఫలముగ 1960వ సంవత్సరపు జంతు హింసా నిరోధ చట్టము వచ్చినది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే మొదటి యధ్యక్షురాలు. పెంచుకొను జీవికి అనవసరపు బాధ కలుగకుండ చూచుట యజమాని విధి యని ఆ చట్టము చెప్పుచున్నది.

ఇతర చిన్నజీవులు

కుందేటికి మాఱుగ మఱికొందఱు ఇతర చిన్నజీవులను తెచ్చుకొనుచున్నారు. పైని చెప్పిన ముఖ్యసూత్రము వానికిని చెల్లును. హాంస్టరును కొన్న మొదటివారములలో తోక తడిసి యున్నయెడల అది ప్రాణము తీయు విరేచనము, ఆనాడే చూపింపవలెను. గినీపందికి సి విటమిను తనంతట పుట్టదు గావున జామపండు ముక్క, కొత్తిమీర దినదినము కావలెను. మంగోలియా మైదానములనుండి వచ్చిన జెర్బిల్ అను ఎలుకను విదేశములలో మక్కువతో పెంచుదురు. దానిని తోకపట్టి యెత్తినచో తోకపై చర్మము ఊడివచ్చును. బెదరినపుడు కొన్నిటికి మూర్ఛ వచ్చును, నిశ్శబ్దముగ విడిచినచో తేఱుకొనును. తేమగాలి దానికి పడదు గనుక మన తీరమున దాని పెంపకము కష్టము.

పిల్లలును, కుందేలును

కుందేటిని ముట్టిన ప్రతిసారి పిల్లలు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. అది కఱచినను, గీరినను గాయమును ధారనీటిక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి డాక్టరునకు చూపవలెను. మేపు వేయుట, నీరు మార్చుట, బరువు వ్రాయుట పిల్లలకు అప్పగింపవచ్చును. కాని కనిపెట్టు భారము పెద్దలదే. పదేండ్ల బాలిక మఱచిపోయినదని మూగజీవి యాకలితో నుండరాదు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లను మొండితనము మన లోకములో కలదు. కుందేళ్ల పెంపకములో సైతము "మా యింట అన్నమే పెట్టితిమి, ఏమియు కాలేదు" అనువారు కనబడుదురు. వారితో వాదింపక, పెంటికలను చూపుడు, త్రాసును చూపుడు.

ఎంత జాగ్రత్త చేసినను ఒకప్పుడు ప్రాణము నిలువదు. అట్టి సమయమున "ఊరికి పోయినది" అని పిల్లలకు కల్లలాడవలదు. జబ్బుచేసి చనిపోయిన దని నెమ్మదిగ చెప్పి, ఏడువనిచ్చి, దొడ్డిలో లోతుగ గోయి త్రవ్వి పూడ్చవలెను. వెంటనే మఱియొక పిల్లను తెచ్చి ఆ దుఃఖమును కప్పిపుచ్చుట తగదు. గూటిని కడిగి, ఎండలో నుంచి, రోగకారణమేమో తెలిసికొనిన పిదపనే ఆ యాలోచన చేయవలెను.

బిడ్డకు మాటలు రాకమునుపే ఆకలి యేడుపునకు, కడుపునొప్పి యేడుపునకు గల తేడా తల్లికి తెలియును. పొత్తిగుడ్డను చూచి బిడ్డ యారోగ్యమును చెప్పగలుగుట మన యవ్వలనుండి మనకు వచ్చిన విద్య. కుందేలు ఏడువదు కూడ. కాని ఆ పాతవిద్యయే దానికిని చాలును. ఉదయమున వాకిలి చిమ్మి ముగ్గు పెట్టునపుడు ఆ గూటివైపు ఒక్క చూపు, మేపు తగ్గినదా, పెంటికలు సరిగ నున్నవా యని ఒక్క ప్రశ్న: ఇంతకుమించి ఆ చిన్నజీవి మనలను కోరునది లేదు.